నాన్నకు 4 రోజులుగా జ్వరం, దగ్గు, ఇవాళ ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడుస్తోందంటున్నారు. పరకాల నుంచి వరంగల్‌కు సోమవారం తీసుకెళ్తే సరిపోతుందా?

సరిపోదండి, ఇవాళే చూపించండి. మామూలు జలుబుకు ఇలా ఆయాసం రాదు, పైగా ఊపిరి తీస్తే ఛాతీలో పొడుస్తోందంటున్నారు కాబట్టి న్యుమోనియా (ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్) అనుమానించాల్సిందే. ఫోన్‌లో నిమిషం టైం పెట్టి, పడుకున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. 30కి చేరినా, వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో ఆక్సిజన్ 92 శాతం కంటే తగ్గినా, పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఎమర్జెన్సీ రాత్రి కూడా ఉంటుంది. పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరమే ఉండదు, ఉత్త మగతగా పడి ఉంటారు, మనం నీరసం అనుకుంటాం. ఆర్ఎంపీ సూదితోనో, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్‌తోనో రెండు రోజులు గడపకండి, ముందు ఎక్స్‌రే తీయాలి. బీపీ, షుగర్ మాత్రల చీటీ జేబులో పెట్టుకోండి, అక్కడ తప్పకుండా అడుగుతారు.