నాలుక మీద తెల్లటి పూత: ఇన్‌హేలర్ వాడేవాళ్ళు ముందు చూడాల్సింది

పాఠకులొకరు, రోజూ నాలుక బద్దతో గట్టిగా గీస్తున్నా తెల్లపూత పోవట్లేదన్నారు, ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నానని కూడా రాశారు. అసలు విషయం ఆ రెండో మాటలోనే ఉండొచ్చండీ.

మామూలు పూత అంటే నాలుక మీది బొడిపెల మధ్య చేరిన మృతకణాలు, బ్యాక్టీరియా, తిండి తుక్కు. నీళ్ళు తక్కువ తాగినా, నోటితో ఊపిరి తీస్తూ పడుకున్నా, జ్వరం వచ్చినా పెరుగుతుంది. గీస్తే పలచబడుతుంది, కింద గులాబీ రంగే ఉంటుంది. అదే పెరుగు తరకల్లా అతుక్కుని, తుడిస్తే కింద ఎర్రగా పచ్చిగా కనిపించి మండుతుంటే క్యాండిడా అనే ఫంగస్ అని అనుమానించాలి. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ మందు నోట్లో మిగిలిపోవడం వల్ల ఇది రావచ్చు.

ఇన్‌హేలర్ మానేయకండి, అది ప్రమాదం. పీల్చిన ప్రతిసారీ నీళ్ళు పుక్కిలించి, గొంతు దాకా గరగరలాడించి ఉమ్మేయండి. స్ప్రే రకమైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టుకోండి. బద్దని వెనక నుంచి ముందుకి మెల్లగా రెండు మూడుసార్లు లాగితే చాలు. గట్టిగా గీస్తే పుండవుతుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కలిపి పుక్కిలించవచ్చు. కట్టుడుపళ్ళుంటే రాత్రి తీసేయాలి.

ఫంగస్ అయితే ఉప్పునీళ్ళతో పోదు, డాక్టరు పూతమందు రాస్తారు. షుగర్ ఎక్కువున్నా ఈ ఫంగస్ రావచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించండి. గుట్కా, పొగాకు అలవాటుండి, తుడిచినా రాని తెల్లమచ్చ రెండు వారాలు దాటితే వెంటనే దంతవైద్యుడికి చూపించండి.