కొత్త బ్యాటరీ వేసినా పొద్దున్నే స్టార్ట్ కాని కారు

ప్రశ్న: మాది 2005 మోడల్ పెట్రోల్ కారు. రెండేళ్లలో రెండు బ్యాటరీలు మార్చాం. అయినా కొన్ని రోజులు పొద్దున్నే సెల్ఫ్ తిరగదు, తోయాల్సిందే. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉందంటున్నాడు మెకానిక్. ఈమధ్య సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది, ఆయిల్ మాత్రం ఎక్కడా కారడం లేదు. అమ్మేయమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అమ్మే సంగతి తర్వాత, ముందు ఆ కారు రోడ్డెక్కించడం ఆపండి. బయట చుక్క కారకుండా పెడల్ దిగిపోతోందంటే చాలావరకు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే పంపు) లోపలి రబ్బర్లు అరిగి, ఆయిల్ లోపల్లోపలే వెనక్కి జారుతున్నట్టు. రెండుసార్లు పంప్ చేస్తే పడుతోంది కదా అని సర్దుకుపోతుంటారు చాలామంది, దయచేసి ఆ పని చేయకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, లేదా వేరే బండి మీద ఎక్కించి పంపండి. రబ్బర్ల కిట్ వేయడం కంటే ఇంత పాత కారుకు సిలిండర్ మొత్తం మార్చడమే మేలు. వెనక చక్రాల సిలిండర్లు కూడా డ్రమ్ములు విప్పించి చూడండి, అక్కడ కారితే డ్రమ్ము లోపలే ఉండిపోయి బయటికి కనపడదు.

ఇక బ్యాటరీ. ఈ రాత్రి కారు ఉన్నచోటే తాళంచెవి బయటికి తీసి, లైట్లన్నీ ఆర్పి, వెనక్కి వెళ్లి చూడండి, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయేమో. పెడల్ పైభాగంలో చిన్న స్విచ్ ఉంటుంది, మనం కాలు తీయగానే పెడల్ వచ్చి దాని మొనను నొక్కితేనే లైట్లు ఆరతాయి. ఆ మొన తగిలేచోట ఉండే రబ్బరో ప్లాస్టిక్కో బిళ్ల ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది, కాలికింద మ్యాట్ మీద దాని ముక్కలు కూడా దొరకొచ్చు. బిళ్ల రాలిపోతే మొన అది ఉన్న కన్నంలోకి దూరి, బ్రేకు తొక్కినట్టే లైట్లు వెలుగుతూ ఉంటాయి. పగిలి ఇంకా రాలకపోతే ఒకరోజు ఆరతాయి, ఒకరోజు ఆరవు, మీ కారు కొన్ని రోజులే మొరాయించడం దీనికి సరిపోతుంది. 21 వాట్ల బల్బులు రెండంటే మూడున్నర ఆంపియర్ల కరెంటు, 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే మూడున్నర ఆంపియర్ల చొప్పున పది గంటలు వచ్చే) బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ. ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా ఇదే వరస!

లైట్లు ఆరే ఉంటే బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, మల్టీమీటర్‌ను ఆంపియర్లలో పెట్టి ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య కలపమనండి (మీటర్ ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు). అన్నీ ఆపేశాక 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోవాలి, ఏది పీకితే రీడింగ్ పడిపోతుందో కరెంటు దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు వస్తుంటే మీ మెకానిక్ మాట నిజమే.

ఈ రెండూ బాగైతే అమ్మాల్సిన పనేం లేదు.

ప్రశ్న: డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ వాడే కారులో డాట్ 4 పోయొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పోయొచ్చండీ, రెండూ కలుస్తాయి. డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్ రకం. ఏది పోసినా రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి, బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు.