రిపోర్ట్ నెగెటివ్ సరే, సాయంత్రం ఎలా నడుస్తున్నాడు?

"బాబుకి నడక ఆలస్యం, అప్పుడప్పుడు ఫిట్స్. ఎక్సోమ్ సీక్వెన్సింగ్ (డీఎన్ఏలో ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగాలన్నీ చదివే పరీక్ష) చేయిస్తే ఏమీ తేలలేదన్నారు. ఈ జన్యు పరీక్షలు నిజంగా పనికొస్తాయా, డబ్బు దండగేనా?" అని అడిగారు. పనికొస్తాయి. కాకపోతే శాంపిల్‌తో పాటు వెళ్లే ఫారంలో మీ బాబు గురించి ఏం రాశారన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. ఆ ఫారం మీరెప్పుడైనా చూశారా? మా అక్క కూడా చూడలేదు.

నేను డాక్టర్ని కాను. మా మేనకోడలి కాలు మాకు నేర్పిన పాఠాలే ఇవన్నీ. ఐదేళ్లు వచ్చేదాకా పిల్ల బాగానే పరుగెత్తేది. ఆ తర్వాత మునివేళ్ల మీద నడక మొదలైంది, కుడి పాదం లోపలికి తిరగసాగింది. సెరిబ్రల్ పాల్సీ అన్నారు, అంటే పుట్టుక సమయానికి అటూ ఇటూగా మెదడు దెబ్బతిని కదలికలు దెబ్బతినడం, ఆ దెబ్బ తర్వాత పెరగదు. ఎంఆర్ఐ నార్మల్‌గా వచ్చినా ఆ మాట మారలేదు. నన్నడిగితే అక్కడే ఆగి ఆలోచించాల్సింది. పుట్టినప్పుడు ఏ ఇబ్బందీ లేదు, మెదడు స్కాన్‌లో ఏ మచ్చా లేదు, పైగా జబ్బు పెరుగుతోంది. అయినా కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా పాత ఫైల్ తెరవడం, అందులోని మొదటి లైన్ కొత్త కాగితం మీదికి ఎక్కించడం. జన్యు పరీక్ష ఫారంలోకీ అదే లైన్ వెళ్లింది. రిపోర్ట్ నెగెటివ్.

మామూలుగా ఓపీ పొద్దున పూట ఉంటుంది కదా. రాత్రంతా నిద్రపోయి లేచిన పిల్ల పొద్దున పూట దాదాపు మామూలుగానే నడిచేది. డాక్టర్ చూసేది ఆ పది నిమిషాలే. సాయంత్రానికి నాలుగడుగులు వేసి గోడ పట్టుకునేది. "నా కాలు పొద్దున మాట వింటుంది, సాయంత్రం వినదు" అని పిల్ల తన నోటితోనే చెప్పేది. అక్క ఇదే చెబితే "అలసట అమ్మా, పిల్లలందరికీ ఉంటుంది" అనేవాళ్లు.

చివరికి ఒక న్యూరాలజిస్ట్, పెద్దావిడ, ఫైల్ తెరవకుండానే "సాయంత్రం ఎలా ఉంటుంది?" అని అడిగారు. అక్క ఫోన్ తీసి, ఫిజియోథెరపీ అమ్మాయికి చూపించడానికి తీసిన వీడియో ఆవిడ చేతిలో పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. వీడియోలో పిల్ల మొహం కూడా కనపడదు, మోకాళ్ల కింది నుంచే ఉంటుంది. కుడి బూటు ముందు అంచు నేలకి రాసుకుంటూ గీరుకుపోయే చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. ఆవిడ రెండోసారి చూసి, వంగి పిల్ల బూట్లు చూశారు. ఎడమది బాగానే ఉంది. కుడిదానికి ముందు అంచు అరిగి లోపలి గుడ్డ బయటపడింది. "మధ్యాహ్నం ఓ కునుకు తీస్తే?" అన్నారు. "లేచాక కాసేపు బాగుంటుందండీ" అంది అక్క. అప్పుడు ఫైల్ తెరిచి, సెరిబ్రల్ పాల్సీ అన్న చోట పెన్సిల్‌తో పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు.

అది డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలితిరిగే, లెవోడోపా అనే మందుకి లొంగే జబ్బు. సెగావా అనే జపాన్ డాక్టర్ వర్ణించారు కాబట్టి సెగావా వ్యాధి అని కూడా అంటారు. ఎక్కువ మందిలో దోషం జీసీహెచ్1 అనే జన్యువులో ఉంటుంది, దాన్ని 1994లో కనుక్కున్నారు. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమ్ సరిపడా లేకపోతే మెదడులో కదలికల్ని నడిపించే డోపమైన్ అనే రసాయనం తయారీ కుంటుపడుతుంది. రోజంతా వాడేసరికి నిల్వ తరిగిపోతుంది, నిద్రపోయి లేస్తే కొంత కోలుకుంటుంది. పార్కిన్సన్స్‌లోలాగా ఇందులో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోవు. అందుకే మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా కొద్దిపాటి ఇచ్చినా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మా పిల్లకి చిన్న డోసుతో మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే ఒక సాయంత్రం రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగి వచ్చి "మావయ్యా, చూడు" అంది. మా బావ చేతిలో ఫోన్ ఉండి కూడా వీడియో తీయడం మర్చిపోయాడు.

మరి ఎక్సోమ్‌లో ఎందుకు దొరకలేదు? ఎమ్‌ఎల్‌పీఏ అని ఇంకో పరీక్ష చేయిస్తే ఆ జన్యువులో ఒక ముక్క ఏకంగా ఊడిపోయిందని తేలింది. ప్రతి జన్యువుకీ మనలో రెండు ప్రతులుంటాయి. ఒక పుస్తకం రెండు కాపీల్లో ఒకదాంట్లో పేజీ చిరిగిపోతే, రెండో కాపీ చదివినవాడికి కథ పూర్తిగానే కనిపిస్తుంది. ఎక్సోమ్ పరీక్ష అక్షరదోషాలు బాగా పడుతుంది. ఇలా ఊడిన ముక్కల్ని కొన్ని ల్యాబ్‌లు పట్టుకుంటున్నాయి, అన్నీ కాదు. ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు వ్యాధిలోలాగా డీఎన్ఏలో ఒకే మూడక్షరాలు వందలసార్లు రిపీటయ్యే జబ్బులు కూడా దీని కంట పడవు. అసలు ఎక్సోమ్ అంటే మన మొత్తం డీఎన్ఏలో (జీనోమ్‌లో) ఒకటి రెండు శాతమే. నూటికి పాతిక నుంచి నలభై మందికి దీనితో సమాధానం దొరుకుతుందని సాధారణంగా చెబుతారు. అంటే నెగెటివ్ రావడమే ఎక్కువ. ఈ ముక్క శాంపిల్ తీసుకునేటప్పుడే చెప్తే ఏం పోతుంది?

ఇంకో గొడవ. ఎవరి ఎక్సోమ్ తీసినా వేలల్లో తేడాలుంటాయి. అందులో ఏది జబ్బుకి కారణమో ఏరడానికి ల్యాబ్‌కి దారి చూపేది మీరు చెప్పిన లక్షణాలే. "ఎదుగుదల ఆలస్యం" అని ఒక్క లైన్ రాసి పంపితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? 2015లో అమెరికా జన్యువైద్య నిపుణుల సంస్థ ఏసీఎంజీ ఆ తేడాల్ని జబ్బు తెచ్చేవాటి నుంచి హాని లేనివాటి దాకా ఐదు వర్గాలుగా విడగొట్టే పద్ధతి పెట్టింది. మధ్యలోది "ప్రాధాన్యం తెలియనిది", అంటే జబ్బుకి అదే కారణమో కాదో ఇప్పటికి చెప్పలేనిది. అది చూసి ఇంటికొచ్చి ఏడ్చినవాళ్లున్నారు, పండగ చేసుకున్నవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే. పోల్చి చూసే డేటాబేస్‌లలో ఐరోపా మూలాలవాళ్లే ఎక్కువ కాబట్టి మిగతా ప్రపంచానికి ఈ మధ్య వర్గం రిపోర్ట్‌లు ఎక్కువగా వస్తుంటాయి.

బంధువుల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇన్నాళ్లూ "కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావో" అని మా అక్కనే అన్నారు. తీరా చూస్తే ఆ ముక్క ఊడిన జన్యువు బావ వైపు నుంచి వచ్చింది. వాళ్లమ్మగారి చెయ్యి వణుకుతుంటే ఇన్నేళ్లూ వయసు అనుకున్నాం. ఈ దోషం ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, వచ్చినా ఒకే రకంగా రాదు. ఆడపిల్లల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. ఈ సంగతి తెలిశాక అక్కకి ఎవరైనా సారీ చెప్పారా? లేదు.

నా అభిప్రాయం ఏమిటంటే, కారణం తెలియని డిస్టోనియా ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ జన్యు పరీక్ష కంటే ముందు డాక్టర్ పర్యవేక్షణలో లెవోడోపా ఇచ్చి చూడాలి. పరీక్ష ఎటూ పారిపోదు.

మీ బాబు విషయానికొస్తే, ఫిట్స్ ఉన్నాయంటున్నారు కాబట్టి మా కథ అచ్చంగా సరిపోకపోవచ్చు. ఫిట్స్ గానీ నడక తూలడం గానీ పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎక్కువగా ఉండి, తిన్నాక తగ్గుతున్నాయేమో ఒక వారం టైమ్‌తో సహా రాసి, వీడియోలు తీయండి. అలా ఉంటే గ్లూట్1 లోపం గురించి అడగండి. ఎస్ఎల్సీ2ఏ1 జన్యువు దెబ్బతిని మెదడుకి గ్లూకోజ్ సరిగ్గా చేరకపోవడం అది. దానికి కీటోజెనిక్ డైట్ ఉంది, అంటే కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు చాలా తక్కువ ఉండే ఆహారం. మెదడుకి గ్లూకోజ్ బదులు ఆ కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లు ఇంధనమవుతాయి. నిర్ధారణకి వెన్నులోంచి నీరు తీసి చక్కెర చూస్తారు. మామూలుగా అది రక్తంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులకి దగ్గరగా ఉంటుంది. అందుకని నీరు తీయడానికి కాస్త ముందే రక్తంలో షుగర్ కూడా చూడమని గట్టిగా చెప్పండి. ఎక్సోమ్ ఏ సంవత్సరంలో చేయించారో కూడా రాయండి. పాతదైతే అదే డేటాని మళ్లీ విశ్లేషించమని ల్యాబ్‌ని అడగొచ్చు, కొత్తగా రక్తం ఇవ్వక్కర్లేదు.