టెరువెల్ వెళ్తున్న ప్రసన్నకు పెదనాన్న ఉత్తరం

తెనాలి

చిరంజీవి ప్రసన్నకు, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అమ్మాయికి డబ్లిన్‌లో విమానాలు లీజుకిచ్చే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరిన నెలకే స్పెయిన్‌లో ఏదో ఎడారికి పంపుతారట, పాత విమానాల రికార్డులు చూడ్డానికి" అన్నాడు. గొంతులో సగం గర్వం, సగం గాభరా. వెనక నుంచి మీ అమ్మ "ఇంత చదివించింది పాత సామాన్ల కొట్టుకు పంపడానికా" అనడం కూడా వినబడింది. నేను బాగుంది బాగుంది అని ఫోన్ పెట్టేసి, అరగంట వరండాలో అటూ ఇటూ తిరిగాను. మన ఇంట్లో విమానం మీద స్పానర్ పెట్టినవాళ్లలో నువ్వు రెండోదానివి. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ముందు మీ నాన్నకు చెప్పు, టెరువెల్ ఇసుక ఎడారి కాదు. ఆరగాన్ ప్రాంతంలో, సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున పొడి పీఠభూమి. చలికాలంలో ఎముకలు కొరికేస్తుంది. స్వెట్టర్లు, ఉన్ని మేజోళ్లు కొనుక్కో. పల్చటి చేతి తొడుగులు రెండు జతలు ఉండాలి, లేకపోతే వేళ్లు కొంకర్లు పోయి పేజీలు కూడా తిప్పలేవు. పొడి గాలి ఉన్నచోటే విమానాలను ఎందుకు దాస్తారో నీకు చెప్పక్కర్లేదు. మన ఊరి గాలికి సైకిల్ రిమ్మే రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది. కాలిఫోర్నియాలో విక్టర్‌విల్, మొజావీ అయినా, ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ అయినా అందుకే.

ఇంజిన్‌కు కవర్లు కట్టడం, తేమ పీల్చే సిలికా జెల్ సంచులు మార్చడం, చక్రాలు ఒకే చోట నొక్కుకుపోకుండా అప్పుడప్పుడు తిప్పడం, ట్యాంకుల్లో నీళ్లు వంచేయడం, ఇవన్నీ షంషాబాద్‌లోనే చూశావు. వాటి జోలికి పోను.

ఒక్కటి మాత్రం చెప్పనివ్వు. విమానం వేగం కొలిచే పిటో ట్యూబుల కవర్లు ఎన్ని కట్టారో, ఎన్ని విప్పారో నీ వేళ్లతో లెక్కపెట్టు. 2018 జూలైలో బ్రిస్బేన్ నుంచి ఒక ఏ330 విమానం ఆ కవర్లతోనే ఎగిరింది. కందిరీగలు ట్యూబుల్లో మట్టి గూళ్లు పెడతాయని కట్టిన కవర్లే అవి. పైకి వెళ్లాక వేగం ఎంతో పైలట్లకు తెలియలేదు. ఎలాగో వెనక్కి దిగారు. వార్త చదివిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేదని మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక రిటైర్మెంట్ అనే మాటను అంత తొందరగా నమ్మకు. విమానం ముసలిదయిందని మూలన పెట్టరు. ముందున్న పెద్ద తనిఖీకీ, మరమ్మతుకూ అయ్యే ఖర్చు, అది ఇంకా సంపాదించేదాని కంటే ఎక్కువయిందని పెడతారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2007లో ప్రపంచంలోనే మొదటి ఏ380, ఆ రెండంతస్తుల పెద్ద విమానం, తీసుకుంది. పదేళ్లకే లీజు అయిపోయి అది ఫ్రాన్స్‌లోని టార్బ్‌కు చేరింది. ఇంకో ఎయిర్‌లైన్ దొరకలేదు. 767కో ఏ330కో అయితే సరుకు విమానంగా మారే దారి ఉంది, పాపం దీనికి అదీ లేదు. ఆ తర్వాత దాన్ని విప్పడం మొదలుపెట్టారు. పదేళ్ల విమానమమ్మా, నా స్కూటర్ అంతకంటే పాతది! అదే లుఫ్తాన్సా చూడు, కోవిడ్‌లో ఏ380లను నిలబెట్టి ఇక ఎగరవనుకుంది. కొత్త బోయింగ్ 777ఎక్స్‌లు ఏళ్ల తరబడి రాకపోయేసరికి 2023లో మళ్లీ ఎగరేసింది. నేనూ రిటైరయినవాణ్నే, వీధిలో ఎవరి మోటారు చెడినా నన్నే పిలుస్తారు.

2022లో మన కొరిశపాడు దగ్గర అండర్‌పాస్‌లో విమానం ఇరుక్కున్న సంగతి గుర్తుందా? కొచ్చి నుంచి హైదరాబాద్‌కు హోటల్‌గా మార్చడానికి లారీ మీద తెస్తున్నారు. ఊరంతా సెల్ఫీలు దిగింది. జనానికి కనబడేది ఆ డొల్లే. డబ్బంతా అంతకు ముందే ఇంజిన్లుగా, చక్రాలుండే లాండింగ్ గేర్‌గా, తోకలో ఉండే చిన్న ఇంజిన్ ఏపీయూగా దిగిపోయి ఉంటుంది. వాటికైనా ధర వచ్చేది వెంట కాగితాలుంటేనే. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు. ఒక పిన్ను నేర్పింది. మీ నాన్నకు కూడా ఇది తెలియదు.

1994లో నేను గల్ఫ్‌లో ఒక ఎయిర్‌లైన్‌లో పనిచేస్తున్నాను. హాంగర్ వెనక ఒక పెద్ద విమానం అమ్మకానికి నిలబెట్టి ఉంది. ఒక గురువారం రాత్రి, కాసేపట్లో బయల్దేరాల్సిన మరో విమానానికి లాండింగ్ గేర్‌లో చక్రాలు పక్కకు తిరిగిపోకుండా పట్టే టార్క్ లింకులు కలిపే పిన్ను అరిగిపోయి కనబడింది. స్టోర్‌లో లేదు. షిఫ్ట్ మేనేజర్ హాంగర్ వెనక్కి వేలు చూపించాడు. ఒక విమానం భాగం తీసి ఇంకోదానికి పెట్టడాన్ని మా వాళ్లు రాబరీ అంటారు. రికార్డులో రాసి చేస్తే తప్పేం లేదు.

జానెడు ఉక్కు పిన్ను. దాని పిన్ను దీనికి, దీని అరిగిన పిన్ను దానికి. అట్టముక్క మీద రెండు సీరియల్ నంబర్లూ రాసి పురికొసతో గేర్‌కు కట్టాను. విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది, మేనేజర్ భుజం తట్టాడు. రికార్డులో పొద్దున ఎక్కిద్దామనుకున్నాను. పొద్దున నాకు ఇండియా ఫ్లైట్. మీ అక్క అన్నప్రాసన.

నెల తర్వాత తిరిగొచ్చేసరికి పిన్ను నా బుర్రలోనే లేదు. అట్టముక్కను ఎండ తినేసింది.

పద్నాలుగు నెలలకు, కొనేవాళ్ల తరఫున ఒక ముసలి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గేర్ కింద వెల్లకిలా పడుకుని, చేతి అద్దం, టార్చి పెట్టి ఒక్కో నంబరూ చదివాడు. కాగితంలో ఒకటి, పిన్ను మీద ఇంకొకటి. అలాంటి భాగానికి ఇన్నిసార్లు ఎగిరి దిగాలనే ఆయుష్షు ఉంటుంది కదా, పుట్టినప్పటి నుంచి లెక్క లేకపోతే అది ఉత్త ఇనుము. ఒకటి మారిందంటే ఇంకెన్ని మారాయో అన్నాడు. బేరం ఆగిపోయింది.

స్టోర్‌కీపర్‌ను పిలిచారు. కన్నూరు ఆయన, ముగ్గురు ఆడపిల్లలు. రెండు రోజులు ఆయన్ను నిలదీశారు. మొదటి గంటలోనే నాకు అంతా గుర్తొచ్చింది, నోరు పెగల్లేదు. వీసా పోతే ఇంటి లోను ఎవరు కడతారన్న భయం. ఇంకో భయం దానికంటే పెద్దది. ఆ రెండో విమానం పద్నాలుగు నెలలుగా జనంతో ఎగురుతోంది, తనలో ఉన్నది ఒక పిన్ను, లెక్క ఇంకో పిన్నుది. దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయి ఉంటే?

మూడో రోజు వెళ్లి చెప్పేశాను. ఆ రాత్రికే విమానాన్ని ఆపి పాత లెక్కలన్నీ తిరగేశారు. ఆయుష్షు ఇంకా మిగిలే ఉంది. నా సంతకం అధికారం ఆరు నెలలు తీసేశారు. స్టోర్‌కీపర్ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు, విప్పిన భాగాలకు వివరాలు రాసి కట్టే ఎర్ర ట్యాగుల కట్ట ఒకటి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. అనుంటే బాగుండేది.

అందుకని చెప్తున్నా. విమానం నీ చేతికొచ్చిన మొదటి రోజే గేర్ మీదా, ఇంజిన్ల మీదా ఉన్న నంబర్లను ఫొటో తీయి. కాగితం చూసి నంబరు వెతకొద్దు. నంబరు చూసి కాగితం వెతుకు. సర్టిఫికెట్ కొత్తగా మెరుస్తుంటే, ఇచ్చినవాళ్లకే ఫోన్ చేసి అడుగు. 2023లో లండన్ కంపెనీ ఒకటి దొంగ సర్టిఫికెట్లతో ఇంజిన్ భాగాలు అమ్మిన గొడవ చదివే ఉంటావు. శుక్రవారం అమ్మకం పూర్తవ్వాలి, సంతకం పెట్టేయ్ అని గురువారం రాత్రి ఎవరైనా అంటే, మా పెదనాన్న ఒప్పుకోడని చెప్పు. నవ్వుతారు. నవ్వనీ.

ఒంటరిగా మెట్లెక్కకు. మధ్యాహ్నం తిండి మానకు. కొన్నాళ్లు చూసుకున్న విమానాన్ని విప్పుతుంటే ఏడుపొస్తే ఏడువు, ఎవరూ ఏమీ అనుకోరు. 2024లో ఎయిర్ ఇండియా జంబో ముంబై నుంచి ఆఖరిసారి వెళ్తూ రెక్కలు ఊపింది కదా, ఆ వీడియో నేను నాలుగుసార్లు చూశాను. కంట్లో నలుసు పడిందని మీ పెద్దమ్మకు చెప్పాను.

ప్రయాణానికి ముందు ఓసారి వస్తానన్నావట. కందిపొడి కొట్టిస్తున్నాం. ఆ కట్టలో పదకొండు ట్యాగులు ఇంకా నా బీరువాలో ఉన్నాయి, అవీ సంచిలోనే పెడతాను. కస్టమ్స్ వాళ్లు ఆపితే కందిపొడి సంగతి నువ్వే చెప్పుకోవాలి. ట్యాగుల గురించి అడగరులే.

మీ పెదనాన్న