ఆ ఎనిమిదేళ్ల గుంటడు

శ్రీకాకుళం

ఒరే చిన్నా,

నీ మెసేజ్ రాత్రి రెండుసార్లు చదివాను. "అన్నీ ఉన్నాయి మావయ్యా, ఎందుకు బతుకుతున్నానో తెలీట్లేదు" అని రాశావు. ముందు ఒకటి సూటిగా అడుగుతాను. చచ్చిపోవాలనిపిస్తోందా? అనిపిస్తే ఈ ఉత్తరం పక్కన పడేసి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. నాతో చెప్పుకోలేకపోతే 14416కి చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టింది. పైసా అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

అలాంటిదేం లేదంటే కూచుని చదువు.

లోపలి పసివాణ్ణి నయం చేస్తామంటూ ఎవరో వీకెండ్ కోర్సుకి పద్దెనిమిది వేలు అడుగుతున్నారన్నావు. కట్టకు. ఆ మాట బూటకమని కాదు. చిన్నప్పుడు తగిలిన దెబ్బ మనతోపాటు పెరగదు, తగిలిన వయసులోనే ఉండిపోతుంది. నాకిది యాభై నాలుగేళ్లకి తెలిసింది, అదీ నా కొడుకుని తిడుతున్నప్పుడు.

మీ అమ్మకీ నాకూ అమ్మమ్మది పొందూరు. రాట్నం వడికేది. వాలుగ చేప దవడ చూశావా ఎప్పుడైనా? అరచేతిలో ఇమిడే ఎముక, దువ్వెనలా సన్నని పళ్లు. గింజతో ఉన్న పత్తిని దాంతో దువ్వితే నలుసంతా పోయి, పోగులు సాఫీగా పక్కపక్కన పడుకుంటాయి. వంద నంబరు నూలంటే అంత సన్నం, ఊరికే రాదు మరి. ఎనిమిదేళ్లప్పుడు సెలవులకి వెళ్లి, తిండి కూడా మర్చిపోయి అదే దువ్వేవాణ్ణి. మా నాన్న వచ్చి చూశాడు. "మగాడివి, దూది పీకుతూ కూచుంటే కూడెవడు పెడతాడ్రా" అని ఆ దవడ లాక్కుని గోడకేసి కొట్టాడు. అమ్మమ్మ వంగి ముక్కలు ఏరుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత నేను చేత్తో ఏ పనీ ముట్టుకోలేదు. చదివాను, గుమాస్తానయ్యాను, ఫైళ్లు కట్టాను. ఒకరోజు మావాడు అట్టముక్కలతో పడవ చేస్తుంటే "ఇది కూడు పెడుతుందా" అని అరిచాను. గొంతు నాది, మాట మా నాన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక నోటుబుక్కు కొని, నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, ఆ ఒక్క రోజు గురించే రాశాను. ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా సైకాలజిస్టు కాలేజీ పిల్లలచేత ఇలాగే రాయించాడు. రాసిన వెంటనే వాళ్లకి మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. నీకూ మొదట్లో బాగోదు. తిండీ నిద్రా పోయేంతగా ఉంటే ఆపేసి డాక్టర్ని చూడు. నోటుబుక్కు అన్నిటికీ మందు కాదు.

తీర్పులు రాయకు, కనిపించింది రాయి. గోడ ఏ రంగు, ఎవరెక్కడ నిలబడ్డారు, నువ్వేం తొడుక్కున్నావు. మూడో రోజుకి నాకు మా నాన్న చేతులు గుర్తొచ్చాయి. వణుకుతున్నాయి. వడికేవాళ్లకి ఎంత ముట్టేదో ఇంట్లో కళ్లారా చూసినవాడు, నాకు అదే గతి పడుతుందని భయపడ్డాడు. అది తెలిశాక కోపం పోయిందని చెప్పను. సగం ఉంది, ఉండనీ. క్షమించెయ్యమని తొందరపెట్టేవాళ్ల మాట వినకు.

తర్వాత, ఆ గుంటడితో అప్పుడెవరూ అనని మాట నువ్వు అనాలి. పైకే అనాలి. నేను నాగావళి గట్టు మీద నడుస్తూ "బాగా దువ్వావురా" అన్నాను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. గేదెలు తప్ప ఎవరూ లేరులే.

ఇక జీవిత లక్ష్యం అంటావా, దానికోసం నేను ప్రత్యేకంగా ఏమీ వెతకలేదు. పొందూరు వెళ్లి ఒక ముసలావిడ పక్కన కూచుని మళ్లీ దువ్వాను. చెయ్యి తిరగలేదు, ఆవిడ నవ్వింది. రిటైరయ్యాక ఆదివారాలు వీధరుగు మీద పిల్లలకి మట్టి, అట్ట, దారం ఇస్తున్నాను. ఏడుగురొస్తారు, ఒక్కోసారి ఇద్దరే. శనివారం రాత్రి జిగురు ఉందో లేదో చూసుకుని పడుకుంటాను. నీది ఇంకేదో అవుతుంది. దానికోసం ఉద్యోగం మానెయ్యకు, ఈఎంఐలున్నాయి. వారానికి రెండు గంటలు చాలు.

నీ రోజేదో నాకు తెలుసనుకుంటున్నాను. ఐదో తరగతిలో మార్కులు తగ్గాయని బావ నీ చొక్కా విప్పించి గుమ్మం బయట ఎండలో నిలబెట్టాడు. నేను లోపల కాఫీ తాగుతున్నాను. కిటికీలోంచి నువ్వు నాకేసి చూశావు. నేను గ్లాసులోకి చూశాను. బావ ఇంట్లో నేనేం మాట్లాడతానులే అనుకున్నాను. తప్పు చేశాను నాన్నా. నోటుబుక్కులో నా పేరు కూడా రాయి.

దసరాకి రా. ఆ తర్వాత మంగళవారం విజయనగరం వెళ్లి పైడితల్లి జాతరలో సిరిమాను చూద్దాం. రాసింది నాకు చదివి వినిపించాలనిపిస్తే వింటాను. లేదంటే ఆదివారం అరుగు మీద కూచుని పిల్లల పడవలకి జిగురు రాసిపెట్టు.

మీ మావయ్య