డాక్టర్ సలహా: మొదటిసారి రక్తం ఎక్కించారు, రెండో కాన్పు ఇంట్లో మిడ్‌వైఫ్‌తో చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. రెండో కాన్పు, ఇప్పుడు 34వ వారం. మొదటిది నార్మలే, కాకపోతే మాయ పడక చేత్తో తీశారు, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఈసారి ఇంట్లోనే మిడ్‌వైఫ్‌తో అనుకుంటున్నాం. హిమోగ్లోబిన్ 9.2. ఐరన్ మాత్రలకి మలబద్ధకం వస్తోందని మానేశా. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చుంటే నొప్పి తగ్గుతుందా? నొప్పులు రావడానికి ఆముదం తాగొచ్చా?

జవాబు: తొట్టి సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా, నొప్పులు మొదలయ్యాక వేడినీళ్లలో కూర్చుంటే కొంత ఉపశమనం ఉంటుంది, నిజమే. కానీ నా చూపు ఆగింది అక్కడ కాదమ్మా, "కాకపోతే" అని మీరు దాటేసిన లైన్ దగ్గర.

మిడ్‌వైఫ్‌లంటే నాకు చులకన లేదు, చాలా కాన్పుల్లో డాక్టర్ చేసేదేం ఉండదు, ఓపిగ్గా పక్కన కూర్చునే మనిషి కావాలంతే, ఆ ఓపిక మాకంటే వాళ్లకే ఎక్కువ. 2011లో ఇంగ్లండ్‌లో 64 వేల మందికి పైగా లో-రిస్క్ గర్భిణులతో ఒక పెద్ద స్టడీ వచ్చింది. తొలిచూలు వాళ్లు ఇంట్లో ప్లాన్ చేసుకుంటే బిడ్డకి తీవ్రమైన ఇబ్బందులు, ఆసుపత్రిలో ప్లాన్ చేసుకున్న వాళ్లలో 1000కి 5 ఉంటే, ఇక్కడ 9 దాకా పెరిగాయి, నూటికి 45 మందిని ఆసుపత్రికి తరలించాల్సొచ్చింది కూడా. రెండో కాన్పు, ఆపైన వాళ్లకి ఆ తేడా కనపడలేదు. "నాది రెండోదేగా" అంటారేమో, లో-రిస్క్ అన్న మాట చూడండి, మీరు ఆ లెక్కలోకి రారు.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం పారుతుంది. మాయ ఊడొచ్చాక సంచి గట్టిగా ముడుచుకుంటేనే ఆ నాళాలు మూసుకుంటాయి, ముక్క లోపల ఉండిపోతే ముడుచుకోదు, ఒకసారి ఇరుక్కున్న వాళ్లకి మళ్లీ ఇరుక్కునే ఛాన్స్ ఎక్కువ. మంచి మిడ్‌వైఫ్ దగ్గర సంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఉంటుంది, సరే, మరి మాయ మళ్లీ చేత్తో తీయాల్సొస్తే మత్తు, రక్తం, ఆపరేషన్ థియేటర్?

అసలు దెబ్బ కొట్టేది "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అనే మాట. గుడ్డలు మారుస్తూ ఉంటారు, ఏ ఒక్కటి చూసినా కొంచెమే అనిపిస్తుంది, అన్నీ కలిపితే లీటరు. తొట్టిలో అయితే మరీ, నీళ్లన్నీ ఎర్రగా ఉంటే ఎంత పోయిందో ఎవరు చెప్తారు? తల్లి కబుర్లు చెప్తూనే ఉంటుంది, బీపీ బాగానే చూపిస్తుంది, వయసులో ఉన్న ఒళ్లు కదా, చివరిదాకా తట్టుకుని ఒక్కసారిగా కూలిపోతుంది. 9.2తో మీకు ఆ తట్టుకునే శక్తీ తక్కువే.

ఇక ఐరన్. మలబద్ధకం అని చెప్తే మాత్ర మారుస్తాం, రోజు మార్చి రోజు వేసుకోమంటాం, ఇప్పుడు టైమ్ తక్కువ కాబట్టి అవసరమైతే సెలైన్‌లో ఎక్కిస్తాం, చెప్పకుండా మానేస్తే మేం ఏం చేయాలి? కోప్పడుతున్నా అనుకోకండి, కోప్పడుతున్నా. ఆముదం అస్సలొద్దు, విరేచనాలై ఒంట్లో నీళ్లు పోతాయి, పైగా 34వ వారంలో నొప్పులెందుకు తెచ్చుకోవడం!

మిమ్మల్ని పరీక్షించకుండా రాస్తున్నా కాబట్టి నిర్ణయం మీ డాక్టర్‌దే, నా మటుకు నేనైతే ఇంట్లో వద్దంటా. మిడ్‌వైఫే కావాలంటే ఆసుపత్రిలోనే వాళ్లు చూసే లేబర్ రూమ్ ఉందేమో అడగండి. ఈ వారంలోనే పాత డిశ్చార్జ్ సమ్మరీ, బ్లడ్ గ్రూప్ రిపోర్ట్ పట్టుకుని వెళ్లండి. ఈలోపు బ్లీడింగ్ కనపడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.