కెపాసిటర్ మొదట గబగబా నిండి తర్వాత ఎందుకు నెమ్మదిస్తుంది?

కరెంటుని అడ్డుకునే రెసిస్టర్ ద్వారా, చార్జిని దాచుకునే కెపాసిటర్‌ని చార్జ్ చేస్తుంటే దాని వోల్టేజీ ఒకే వేగంతో ఎందుకు పెరగదు అని అడిగారు. డిప్లొమా రోజుల్లో నాకూ ఇదే సందేహం. సూత్రం నోటికి వచ్చేది కానీ విషయం తలకెక్కేది కాదు.

అప్పుడు విశాఖలో కంచరపాలెం దగ్గర అద్దెకుండేవాళ్లం. నీళ్లు వచ్చిన రోజు ఒక డ్రమ్ము నింపి, దాని అడుగున పైపు పెట్టి పక్కనున్న ఖాళీ డ్రమ్ము అడుగుకి కలిపేవాళ్లం. మొదట నీళ్లు జోరుగా పారేవి. రెండు మట్టాలూ దగ్గరపడేకొద్దీ ధార సన్నబడి, చివరి రెండు బెత్తెలకి బోలెడు సేపు పట్టేది. కెపాసిటర్‌లో జరిగేదీ ఇదే. కాకపోతే బ్యాటరీ వైపు మట్టం తగ్గదు.

డాబాగార్డెన్స్‌లో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కొని, 9 వోల్టుల బ్యాటరీకి కలిపి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి క్షణంలో కెపాసిటర్ మీద సున్నా, కాబట్టి 9 వోల్టులూ రెసిస్టర్ మీదే. కరెంటు 0.9 మిల్లీ ఆంపియర్లు. కెపాసిటర్ 4.5కి చేరేసరికి రెసిస్టర్ మీద మిగిలేది 4.5 వోల్టులే, కాబట్టి కరెంటు కూడా సగమే. నింపే కరెంటే తగ్గిపోతుంటే వేగం ఎక్కడిది?

రెసిస్టర్ విలువని కెపాసిటర్ విలువతో గుణిస్తే ఇక్కడ 10 సెకన్లు. లెక్క ప్రకారం 10 సెకన్లకి 63 శాతం, అంటే 5.7 వోల్టులు. ఇంకో పదికి 7.8. 50 సెకన్లకి దాదాపు నిండినట్టే. నాకు 5.7 రావడానికి 11 సెకన్లు పైనే పట్టింది. ఏదో తప్పు చేశానని టెన్షన్ పడ్డాను గానీ, ఇలాంటి కెపాసిటర్లలో రాసిన విలువకీ అసలు విలువకీ 20 శాతం తేడా మామూలే.

బ్యాటరీ తీసి అదే రెసిస్టర్ ద్వారా ఖాళీ చేస్తే 10 సెకన్లకి 3.3, ఇరవైకి 1.2 వోల్టులు మిగులుతాయి. మధ్యలో ఎర్ర ఎల్‌ఈడీ పెడితే మాత్రం సుమారు 1.8 వోల్టుల దగ్గర వెలుగు దాదాపు పోతుంది. ఆరిపోయింది కదా అని ఖాళీ అయిందనుకోకండి, మీటర్ పెట్టి చూడండి.

ఈ ప్రయోగానికి 16 లేదా 25 వోల్టుల వరకు తట్టుకునే కెపాసిటర్ తీసుకోండి, మైనస్ గీత ఉన్న కాలు బ్యాటరీ మైనస్‌కే కలపాలి. పాత టీవీ పవర్ సప్లై బోర్డుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా వాటి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉండొచ్చు.